మణికట్టు మీది పద్దు

ఢిల్లీలో యమునకు తూర్పున, మయూర్ విహార్‌లోని ఒక గృహ సముదాయం రెండవ అంతస్తులో ఒక తెలుగు దంపతులు నివసిస్తున్నారు. వారి భోజనాల బల్ల సొరుగులో ఎర్ర అట్ట వేసిన పొడుగాటి ఆవర్జా పుస్తకం ఒకటి ఉంది. పాలవాడి లెక్కో, ఇస్త్రీవాడి పద్దో ఉంటుందనుకుని తెరిచిన వారికి ఆశ్చర్యం కలుగుతుంది. అందులో ఉన్నది ఒక చేతి గడియారం మీద జరిగిన విచారణ.

ఆ ఇంటి పెద్దాయనది తెనాలి. 1976లో ఢిల్లీ వచ్చి, కేంద్ర ప్రభుత్వపు లెక్కల తనిఖీ విభాగంలో ముప్పై ఏడేళ్ళు పనిచేసి, 2013లో పదవీ విరమణ చేశారు. ఒకరు వ్రాసిన అంకెను మరొకరు సరిచూడనిదే నమ్మరాదన్నది ఆ ఉద్యోగం ఆయనకు నేర్పిన ధర్మం. కరెంటు బిల్లు మొదలుకొని కూరగాయల బండివాని కూడిక వరకు ఆయన చూపును తప్పించుకున్నది ఆ ఇంట్లో ఏదీ లేదు. 2024 ఆగస్టులో డాలస్ నుంచి వచ్చిన కుమారుడు తండ్రి చేతికి ఒక స్మార్ట్‌వాచ్ తొడిగాడు.

"నాన్నగారూ, ఇది మీ అడుగులు లెక్కపెడుతుంది, నాడి చూస్తుంది, నిద్ర చూస్తుంది. అక్కడినుంచి నాకూ తెలుస్తుంటుంది" అన్నాడు.

"బాగానే ఉంది. మరి దీని లెక్క ఎవరు చూస్తారు?" అని ఆయన అడిగారు.

కుమారుడు నవ్వి ఊరుకున్నాడు. అతడు విమానమెక్కిన మర్నాడే పెద్దాయన బజారుకు వెళ్ళి ఆవర్జా కొన్నారు. స్కేలు పెట్టి గళ్ళు గీశారు: తేదీ, సమయం, గడియారం చెప్పినది, చేతితో చూసినది, తేడా, కైఫియత్తు. తేడా పదింట ఒక వంతు దాటితే ఆ వరుసకు ఎర్ర సిరాతో చుక్క పెట్టాలని నియమం చేసుకున్నారు. సరిచూడడానికి ప్రమాణం కావాలి గదా! మొదటి జీతంతో కొన్న హెచ్.ఎమ్.టి. జనతా గడియారాన్ని బీరువాలోనుంచి తీసి కీ ఇచ్చారు. బెంగుళూరులో 1961లో తయారీ ప్రారంభించి, ఒక తరం భారతీయుల చేతులకు కాలం చూపిన ఆ సంస్థ గడియారాల విభాగాన్ని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. పెద్దాయన గడియారం మాత్రం ఆ సంగతి తెలియనట్లే తిరుగుతున్నది. దాని సెకన్ల ముల్లే ఈ విచారణలో ప్రధాన సాక్షి.

మొదట విచారించవలసినది అడుగులు. గడియారం అడుగును చూడదు. చేతి ఊపును చూస్తుంది. లోపలనున్న చిన్న పరికరం మణికట్టు ఏ దిక్కుకు ఎంత వేగంగా కదిలిందో క్షణక్షణం కనిపెట్టి, ఆ కదలికలో నడకకు సహజమైన లయ ఉంటే, ఊపు కొక అడుగుగా జమ కట్టుకుంటుంది. పెద్దాయన కాలనీ పార్కులో నడుస్తూ, నూరు అడుగులకు ఒక చింతగింజ చొప్పున కుడి జేబులోనుంచి ఎడమ జేబులోకి వేసుకున్నారు. పది గింజలు మారేసరికి గడియారం 982 చూపింది. ఇది ఏ ఆఫీసులోనైనా చెల్లే లెక్కే. మర్నాడు తన అలవాటు ప్రకారం చేతులు వెనక్కు కట్టుకుని నడిచారు. అవే పది గింజలకు గడియారం 700 చిల్లర మాత్రమే ఒప్పుకున్నది. మూడవ నాడు అక్షర్‌ధామ్ వరకు ఆటోలో పోయి దిగేసరికి, గతుకుల రోడ్డు పుణ్యమా అని, కూర్చున్న మనిషి ఖాతాలో 140 అడుగులు జమపడి ఉన్నవి. రెండు వరుసలకూ ఎర్ర చుక్కలు పడ్డాయి.

ఇక రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యం. సాయంత్రమయ్యేసరికి గడియారం చేతిని చిన్నగా కుదిపి, ఇంకా ఎన్ని అడుగులు బాకీ ఉన్నవో చూపేది. ఈ బాకీ ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నకు జవాబు వైద్యశాస్త్రంలో కాక వ్యాపారంలో దొరుకుతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపానులో నడక మీద ఉత్సాహం పెరిగింది. 1965లో యమాసా అనే కంపెనీ నడుముకు కట్టుకునే ఒక అడుగుల మీటరును అమ్మకానికి పెట్టి, దానికి 'మంపోకే' అని పేరు పెట్టింది. 'పదివేల అడుగుల కొలమానం' అని ఆ మాటకు అర్థం. నోటికి ఇంపుగా, చుట్టుకొలతగా ఉన్న ఆ అంకె అరవై ఏళ్ళుగా ప్రపంచాన్ని నడిపిస్తున్నది. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళ వయసున్న 16,000 మందికి పైగా అమెరికన్ స్త్రీలను పరిశీలించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటిన తర్వాత అదనంగా నడిచినందువల్ల ఆ లాభం పెరగలేదు. డెబ్బై ఒకటవ ఏట ఉన్న పెద్దాయన ఈ సంగతి పత్రికలో చదివి, ఆవర్జా మొదటి పుటలో 'లక్ష్యం 10,000' అన్నచోట గీత కొట్టి 6,000 అని వ్రాసి, ప్రక్కన పొట్టి సంతకం చేశారు. కార్యాలయంలోనైతే దిద్దుబాటుకు పై అధికారి సంతకం కావాలి. ఇంట్లో ఆ అవసరం రాలేదు.

అడుగులను క్షమించిన పెద్దాయన కేలరీలను క్షమించలేదు. ఒకనాడు నలభై నిమిషాల నడకకు గడియారం ఆయన ఖాతాలో చూపిన ఖర్చు రెండు పెసరట్లూ, వాటితోపాటు ఉప్మానూ మింగివేసేటంతగా ఉన్నది. దీనిని చేతితో సరిచూసే ఉపాయం లేదు. గాలిలో పీల్చిన ప్రాణవాయువును, వదలిన బొగ్గుపులుసు వాయువును కొలిచే యంత్రం కావాలి. ఆ పని 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు చేశారు. 60 మంది స్వచ్ఛంద సేవకుల చేతులకు ఏడు రకాల గడియారాలు కట్టి నడిపించారు, పరుగెత్తించారు, సైకిలు తొక్కించారు. నాడి విషయంలో ఏడింట ఆరు నూటికి అయిదు లోపు తప్పుతో నెగ్గాయి. కేలరీల విషయంలో ఒక్కటీ నెగ్గలేదు. అన్నింటిలోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అన్నింటిలోకీ అధ్వాన్నమైనది 93 శాతం తప్పింది.

కారణం స్పష్టమే. ఖర్చయిన శక్తిని గడియారం కొలవదు; ఊహిస్తుంది. వయసు, బరువు, ఎత్తు, స్త్రీయా పురుషుడా అన్నవి అడిగి, దానికి నాడిని, కదలికను జోడించి ఒక సూత్రంలో వేస్తుంది. విశ్రాంతిలో దేహం చేసే ఖర్చుకు ఇట్టి సూత్రాలలో పేరుపొందినదొకటి అమెరికాలో హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1919లో, అక్కడి మనుషులను కొలిచి తయారు చేసినది. మన దేహాల సంగతి వేరు. అంతర్జాతీయ సూత్రాలు భారతీయుల మూల శక్తి వ్యయాన్ని సుమారు 5 శాతం ఎక్కువ చేసి చెబుతాయని గుర్తించి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనవారి అవసరాలను లెక్కగట్టేటప్పుడు ఆ మేరకు తగ్గిస్తూ వచ్చింది. కేలరీల గడిలో పెద్దాయన 'ఆధారపత్రం లేదు' అని వ్రాసి, ఆ పేజీ అంతటికీ కలిపి ఒకే ఎర్ర గీత గీశారు. లెక్కల తనిఖీలో ఇంతకంటె పెద్ద తిట్టు లేదు.

అటు తర్వాత గడియారం ఒక వారం పాటు ఇల్లాలి చేతికి మారింది. సాక్షి ఒక్కరే ఉంటే విచారణ చెల్లదన్నది ఆయన అభిప్రాయం.

ఆమె ఎడమ మణికట్టు లోపలికీ వెలుపలికీ చిన్ననాడు వేయించిన పచ్చబొట్టు ఉంది. దాని మీద కట్టిన గడియారం నాడి చోట రెండు అడ్డగీతలు చూపి మౌనం వహించింది. పాపం, దానిది దుర్బుద్ధి కాదు. ఈ గడియారాల అడుగున ఆకుపచ్చని దీపాలు మినుకు మినుకుమంటూ ఉంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగి, తిరిగి వచ్చే కాంతి రవ్వంత తగ్గుతుంది. ఆ తరుగుదలను లెక్కించడమే నాడి చూడడం. 1930వ దశకంలో అమెరికా శరీరశాస్త్రవేత్త ఆల్రిక్ హెర్జ్‌మన్ పెంపొందించిన పద్ధతి ఇది. దీపానికీ రక్తానికీ నడుమ పచ్చబొట్టు సిరా అడ్డువస్తే కాంతి అక్కడే నిలిచిపోతుంది. వేళ్ళాడే పట్టీ, చలికి ముడుచుకున్న నరాలు, చేతి కదలిక కూడా ఇదే ఇబ్బంది తెచ్చిపెడతాయి.

గడియారం కుడిచేతికి మారింది. అక్కడ గాజులున్నవి. గాజులకు పైన కడితే జారుతుంది. క్రింద కడితే గాజులు తగిలి బిళ్ళ గీసుకుపోతుంది. ఏదో విధంగా సర్దుకుని ఆమె ఇరవై చపాతీలు ఒత్తేసరికి వంటగది దాటకుండానే నాలుగు వందల అడుగులు నడిచినట్లు లెక్క తేలింది. ఆ సాయంత్రమే మంగళవారపు సంతకు వెళ్ళి, కుడిచేత కూరల సంచీ మోసుకుంటూ కిలోమీటరు దూరం ఇంటికి నడిచి వస్తే, బరువుకు చేయి ఊగలేదు గనుక, గడియారం సగం అడుగులను ఎగవేసింది.

"మోసిన దానికి లేదు, ఒత్తిన దానికి ఉంది. మీ ఆఫీసు లాగే ఉందండీ ఇది" అన్నారామె.

గడియారంతో పాటు వచ్చిన కాగితం ఆమెను ఇంకా ఎక్కువ చిరాకు పెట్టింది. ఫోనులో వచ్చే సందేశాలు, సలహాలు, హెచ్చరికలు అన్నీ ఇంగ్లీషులోనే. నడవండి, లేవండి అని ఉత్సాహపరిచే మాటలు బిళ్ళ నిండా పెద్ద అక్షరాలలో వెలుగుతాయి. ఇది వైద్య పరికరం కాదనీ, గుండెపోటును పసిగట్టలేదనీ చెప్పే మాటలు కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలలో ఉంటాయి. ఏ మాట ఏ కొలతలో ముద్రించాలన్నది కూడా నిజాయితీకి సంబంధించిన విషయమే. భూతద్దంతో ఆ కాగితం చదివి భార్యకు తెలుగులో వినిపించిన సాయంత్రం పెద్దాయనకు గడియారం మీద కంటె దానిని అమ్మేవారి మీద ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కోపానికి మరింత ఆజ్యం పోసినది మూడవ అంతస్తు పొరుగాయన కొన్న గడియారం. కరోల్ బాగ్‌లో 1,400 రూపాయలకు దొరికిన ఆ వస్తువు నాడితో పాటు రక్తపోటు, రక్తంలోని ప్రాణవాయువు కూడా చెబుతుందని ఆయన మురిసిపోయారు. ఆయనొక్కరే కాదు. మార్కెట్ పరిశోధనా సంస్థ ఐ.డి.సి. లెక్క ప్రకారం 2023లో మన దేశపు దుకాణాలకు 5 కోట్లకు పైగా స్మార్ట్‌వాచ్‌లు చేరాయి. అందులో అధిక భాగం చవక సరుకే. మరుసటి ఏడు ఆ సంఖ్య మూడో వంతు తగ్గింది.

పొరుగాయన గడియారాన్ని ఒక పూట అరువు తెచ్చుకుని పెద్దాయన విచారణకు కూర్చున్నారు. తనకు 122/80 చూపింది. ఇల్లాలికీ అటూ ఇటుగా అంతే. మెట్లు ఎక్కి దిగి వచ్చినా అంతే. ఈ లోపల వంటగదిలోనుంచి ఆమె కేక వినిపించింది.

"ఏమండీ, ఇలా రండి! ఈ బీరకాయకు నాడి ఉందండీ. ఎనభై రెండు!"

వెళ్ళి చూస్తే, లేత బీరకాయకు గడియారం తొడిగి ఉంది. ఆకుపచ్చ దీపం శ్రద్ధగా మినుకుతున్నది. రక్తపోటు 118/76. ఆ బీరకాయ ఆరోగ్యం ఆ ఇంట్లో అందరికంటె మెరుగ్గా ఉన్నట్లు తేలింది. మధ్యాహ్నం అది పచ్చడి అయినది.

నవ్వులాటగా కనిపించే ఈ సంగతిలో శాస్త్రం లేకపోలేదు. వెలుగును తిరిగి పంపే ఏ వస్తువు నుంచైనా పరికరానికి ఏవో చిన్న చిన్న హెచ్చుతగ్గులు అందుతాయి. ఇది దేహం కాదని గుర్తుపట్టి మౌనం వహించే తెలివి మంచి గడియారాలలో కొంతవరకు ఉంటుంది. చవక వాటిలో తరచుగా ఉండదు. తెలియనప్పుడు తెలియదని చెప్పకపోవడమే వీటి అసలు లోపం. పచ్చబొట్టు మీద రెండు అడ్డగీతలు చూపిన గడియారమే నయం. రక్తపోటును కొలవడానికి చేతికి పట్టీ కట్టి, గాలి నింపి, రక్తప్రవాహాన్ని ఆపి విడవడం ఇప్పటికీ నమ్మదగిన దారి. వెలుగుతో అంచనా వేసే పేరున్న గడియారాలు కొన్ని ఉన్నా, వాటిని కూడా అసలు పట్టీ యంత్రంతో నెలనెలా సరిచూసుకొమ్మని తయారీదారులే చెబుతున్నారు. సూది గుచ్చకుండా రక్తంలోని చక్కెరను చెబుతామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అట్టి అంకెను చూసి ఇన్సులిన్ వేసుకున్నవాని గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇదంతా జరుగుతున్న ఢిల్లీ నగరంలోనే, పూసా దగ్గర, జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. 1947 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ సంస్థ భారత ప్రామాణిక కాలాన్ని పరమాణు గడియారాలతో కాపాడుతున్నది. దేశపు కిలోగ్రాము నమూనా, 57వ నెంబరుది, అక్కడే భద్రంగా ఉంది. సంతలో బెండకాయలు తూచే కాటా మీద తూనికలు, కొలతల శాఖవారి ముద్ర ఉండి తీరాలి. స్మార్ట్‌వాచ్ చూపే గంటా నిమిషాలు తప్పయితే నిలదీయడానికి ప్రమాణం ఉంది. దాని ప్రక్కనే, అదే బిళ్ళ మీద, అదే అక్షరాలలో వెలిగే రక్తపోటుకు, కేలరీలకు, నిద్రకు ఏ ముద్రా లేదు. చూసేవానికి మాత్రం అన్నీ ఒకే వంశపు అంకెలుగా కనిపిస్తాయి.

ఢిల్లీవారికి అంకె విలువ తెలియనిది కాదు. 2021 ఏప్రిల్, మే నెలలలో కోవిడ్ రెండవ విడత విరుచుకుపడ్డప్పుడు ప్రతి ఇంటా 94 అన్న అంకె జపమంత్రమైంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు దొరక్క, చేతి గడియారాలనే నమ్ముకున్నవారు ఉన్నారు. వేలికి పెట్టే ఆసుపత్రి యంత్రాలు సైతం నల్లని చర్మం మీద పొరబడుతున్నాయనీ, ప్రాణవాయువు తగ్గినా తగ్గనట్లు చూపే ప్రమాదం తెల్లవారిలో కంటె నల్లవారిలో సుమారు మూడు రెట్లు ఎక్కువనీ 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రకటించారు. మణికట్టు మీది యంత్రాన్ని ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నవంబరులో విచారణ ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. 2024 నవంబరు 18న ఢిల్లీ వాయు నాణ్యతా సూచిక 490 దాటింది. 400 దాటితేనే 'తీవ్రం' అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. కొలబద్ద అంతా కలిపి 500. ఎదుటి భవనం కనిపించడం లేదు. పాఠశాలలు మూసివేశారు. ఆ సాయంత్రం అయిదు గంటలకు గడియారం పెద్దాయన చేతిని కుదిపి, ఇంకా 2,300 అడుగులు బాకీ, బయట ఒక చక్కని నడకకు ఇదే సమయమని సలహా ఇచ్చింది. గాలిని అది చూడలేదు. ఊపిరితిత్తులు దాని పరిధిలో లేవు. కైఫియత్తు గడిలో ఆయన 'ఆత్మహత్యా ప్రేరణ' అని వ్రాసి, మరీ కఠినమనిపించి కొట్టివేసి, 'స్థానిక పరిస్థితులు ఎరుగదు' అని దిద్దారు. మూసిన కిటికీల నడుమ హాలులో అటూ ఇటూ తిరిగి బాకీ తీర్చుకున్నారు. తీర్చుకోకుండా ఉండలేకపోయారన్నది గమనించవలసిన విషయం.

నిద్ర గురించి చెప్పవలసినది కొంచెమే. పడుకున్నవాడు నిద్రపోయాడా లేదా అన్నది గడియారం చాలావరకు పట్టుకోగలదు. అయితే కళ్ళు తెరిచి కదలక పడుకున్నవానిని కూడా నిద్రపోయినవారి జాబితాలో చేరుస్తుంది. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్న విభజన మెదడు తరంగాలను చూస్తే తప్ప రూఢిగా తేలదు. గడియారమిచ్చిన నిద్ర మార్కుల కోసం బెంగపడి నిద్ర పోగొట్టుకున్నవారిని చూసి 2017లో అమెరికా వైద్యులు ఆ అవస్థకు 'ఆర్థోసోమ్నియా' అని పేరు కూడా పెట్టారు. పెద్దాయన రెండు వారాలు ఆ పేరు వినకుండానే ఆ అవస్థ పడ్డారు. తర్వాత రాత్రిపూట నిద్ర మార్కులు చూడడం మానేశారు.

డిసెంబరు ఆఖరుకు ఆవర్జాలో అరవై పుటలు నిండాయి. పెద్దాయన తన తీర్పు కుమారుడికి ఫోనులో వినిపించారు: "ఇది నమ్మదగిన లెక్క కాదురా. ఏ పేజీ తిప్పినా ఎరుపే."

జనవరి రెండవ వారం. ఢిల్లీ చలి ఎముకలు కొరుకుతున్నది. మధ్యాహ్నం ఎండపొడ కోసం బాల్కనీలో కుర్చీ వేసుకుని ఆయన పత్రిక చదువుకుంటున్నారు. గడియారం కుదిపింది. బాకీ గురించి కాదు. గుండె లయ క్రమం తప్పినట్లు పలుమార్లు కనిపించిందనీ, వైద్యునితో మాట్లాడమనీ సందేశం. ఆయన దానిని ఆవర్జాలోకి ఎక్కించి, కైఫియత్తులో 'చలి వల్ల కాబోలు' అని వ్రాశారు. హెచ్.ఎమ్.టి. ముల్లు చూస్తూ నాడి పట్టి లెక్కపెడితే 94 వచ్చింది. గడియారం 92 అన్నది. వేలి క్రింద నాడి ఒకసారి ఆగినట్లు, మరొకసారి తొందరపడినట్లు తోచింది. వేళ్ళు చలికి మొద్దుబారాయని ఆయన అనుకున్నారు. మూడవ నాడు అదే సందేశం మళ్ళీ వచ్చింది. దానినీ ఎక్కించి పుస్తకం మూశారు.

ఆ రాత్రి ఇల్లాలు అలారం పెట్టించుకోవడానికి వచ్చి, బల్ల మీద మరచిపోయిన ఆవర్జాను తిరగేశారు. ఆమె లెక్కల మనిషి కాదు. కాని నలభై ఏళ్ళు బియ్యంలో రాళ్ళేరిన కన్ను ఆమెది.

"ఏమండీ, అడుగులకు ఎర్ర చుక్కలు పెట్టారు. కేలరీలకు గీతే గీశారు. ఈ పొద్దుటి పూట, కూర్చుని చూసుకున్న నాడి వరుసలో మాత్రం ఒక్క చుక్కా లేదేం?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఆగస్టు నుంచి ప్రతి ఉదయం ఏడు గంటలకు, కాఫీకి ముందు, కదలకుండా కూర్చుని చూసిన నాడి. గడియారం 66, చేయి 65. గడియారం 68, చేయి 68. పేజీ తర్వాత పేజీ. ఎక్కడా మూడుకు మించిన తేడా లేదు. స్టాన్‌ఫర్డ్ వారు తేల్చినదీ అదే గదా: నాడి దగ్గర నెగ్గినవి కేలరీల దగ్గర ఓడాయి. ఈ వరుస కింద జనవరి 9 నుంచి అంకెలు 88, 91, 94 అని మారి ఉన్నవి. గడియారమూ అదే అన్నది, చేయీ అదే అన్నది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినా తనిఖీ అధికారి వినలేదు. మొత్తం పుస్తకానికి ఒకే తీర్పు వ్రాసివేయడం ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన ఎన్నడూ చేయని పని. పద్దు పద్దుకూ వేరుగా అభ్యంతరం చెప్పడమే ఆయన చదివిన నియమావళి.

మర్నాడు ఆసుపత్రిలో వైద్యుడు గడియారం వైపు చూడలేదు. ముందు మూడు వేళ్ళతో నాడి పట్టుకుని నిమిషంపాటు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఛాతీకి, కాళ్ళకు, చేతులకు తీగలు తగిలించి ఇ.సి.జి. తీయించాడు. గుండె పై గదులు క్రమంగా ముడుచుకోవడం మాని వణుకుతున్నవని కాగితం మీద గీతలు తేల్చాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని దీని పేరు. నొప్పి ఉండకపోవచ్చు, ఆయాసం కూడా ఉండకపోవచ్చు. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ స్థితిలో పక్షవాతం ప్రమాదం సుమారు అయిదు రెట్లు పెరుగుతుందని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలపాటు సాగిన అధ్యయనం తేల్చింది. రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, గుండె వేగం తగ్గడానికి మరొక మాత్ర వ్రాసిచ్చాడు వైద్యుడు.

పెద్దాయన ఆవర్జా వెంట తీసుకువెళ్ళారు. వైద్యుడు పుటలు తిరగేసి, నాడి వరుస దగ్గర ఆగి, "ఏ రోజు నుంచి మొదలైందో ఏ రోగీ నాకు ఇంత సరిగ్గా చెప్పలేదు" అన్నాడు. గడియారం రోగాన్ని నిర్ణయించలేదనీ, రోగిని తలుపు దాకా తెచ్చి విడిచిందనీ కూడా అన్నాడు. 2019లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో 4,19,000 మందికి పైగా అమెరికన్లు గడియారాలు కట్టుకున్నారు. వారిలో ఇట్టి హెచ్చరిక వచ్చినది నూటికి సగం మందికి, అంటే వెయ్యికి అయిదుగురికి. హెచ్చరిక వచ్చి, ఆ తర్వాత ఛాతీకి పట్టీ అతికించి పరీక్ష పూర్తిచేసుకున్నవారిలో మూడో వంతు మందిలో ఆ లోపం మళ్ళీ కనిపించింది. వస్తూ పోతూ ఉండే రుగ్మత గనుక తక్కినవారిలో లేదని అర్థం కాదు. గడియారం మాటే వేదమనీ కాదు. లేచేటప్పుడు వైద్యుడు మరొక మాట చెప్పాడు: "ఛాతీ బరువెక్కినా, దవడ లాగినా, చెమటలు పట్టినా గడియారం వైపు చూడకండి. అది అరవై ఎనిమిది చూపిస్తూనే ఉంటుంది. వెంటనే వచ్చేయండి." ఈ మాటను పెద్దాయన ఇంటికి రాగానే పెద్ద తెలుగు అక్షరాలలో వ్రాసి, మూడవ అంతస్తు పొరుగాయన కోసం క్రిందనే హిందీలోనూ వ్రాసి, ఆవర్జా అట్ట లోపల అతికించారు.

మాత్రలు మొదలైన మూడవ వారం నుంచి గడియారానికి కొత్త ఫిర్యాదు పుట్టింది. ఎంత వడిగా నడిచినా గుండె వ్యాయామపు వేగం అందుకోవడం లేదనీ, ఇంకా శ్రమించాలనీ అంటున్నది. 220లోనుంచి వయసు తీసివేసి గరిష్ఠ వేగం లెక్కగట్టే పాత సూత్రమే దానికి ఆధారం. గుండె వేగాన్ని అదిమిపెట్టే మాత్ర వేసుకున్నవానికి ఆ లెక్క వర్తించదు. ఆ వరుసకు ఎర్ర చుక్క పడింది. కైఫియత్తు: 'మందుల సంగతి ఎరుగదు.'

ఉదయం ఏడు గంటల నాడిని మాత్రం ఇప్పుడు ఆయన చూసుకోవడం లేదు. తన నాడి తానే చూసుకుంటే పక్షపాతం ఉంటుందని ఇల్లాలు ఆ పని తీసుకున్నారు. హెచ్.ఎమ్.టి. గడియారాన్ని బల్ల మీద నిలబెట్టి, ఆయన మణికట్టు పట్టుకుని పెదవులు కదుపుతూ నిమిషం లెక్కపెడతారు. మొన్న ఆమె లెక్క 66, గడియారం లెక్క 67. తేడా గడిలో 1 వేసి ఆమె కాఫీ కలపడానికి లేచారు.